ముడి ఫిల్ము కరువు: పోస్టరు మీద పేరు లేని విలన్!

హీరోగారి కాల్షీట్లు దొరికాయి. హీరోయిన్ మేకప్ వేసుకుని కూర్చుంది. సెట్టు మీద రంగు ఇంకా ఆరలేదు. ఫైనాన్షియరు డబ్బు కూడా ఇచ్చేశాడు... అన్నింటిలోకీ పెద్ద వింత అదే! అయినా షూటింగు లేదు. ఎందుకు లేదయ్యా అంటే, కెమెరాలో పెట్టడానికి ఫిల్ము లేదు!

ఇది చెబితే ఇప్పటి కుర్రకారు నవ్వుతారు. జేబులోంచి ఫోను తీసి గంటలకొద్దీ బొమ్మ తీసేవాళ్లకి "ఫిల్ము లేదు" అనే మాటే అర్థం కాదు. కాని ఒకప్పుడు కోడంబాకంలో నిర్మాతల గుండెల్లో రైళ్లు పరుగెత్తించిన మాట అది. మన రాజనాలలా కత్తి దూయడు, నాగభూషణంలా తియ్యగా మాట్లాడి ముంచడు, పోస్టరు మీద పేరుండదు. కాని ఏళ్ల తరబడి మన సినిమాని మూడు చెరువుల నీళ్లు తాగించిన విలన్ వీడే. పేరు ముడి ఫిల్ము కొరత!

ఈ విలన్ కథ చెప్పాలని నాకు చాలా కాలంగా ఉంది. ఎవరికి ఎంత సరుకు అన్నది ప్రభుత్వమే లెక్కగట్టి పంచే దేశంలో ముడిసరుకు కరువొస్తే ఏమవుతుంది? ఎకనామిక్సు పుస్తకంలో చదివితే ఆవులింతలొస్తాయి. అదే సినిమా డబ్బాలోంచి చూడండి, ఇట్టే అర్థమైపోతుంది.

ఒక సినిమాకి ఎంత ఫిల్ము?

ముందు కొంచెం లెక్క. భయపడకండి, చిన్నదే!

35 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకి 16 బొమ్మలు. తెర మీద సెకనుకి 24 బొమ్మలు నడుస్తాయి. అంటే నిమిషానికి 90 అడుగులు. రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులన్నమాట. కాని ఏ మహానటుడైనా ప్రతి షాటూ ఒక్క టేకులో ఇవ్వడు కదా! నాలుగు రెట్లు తీశారనుకుందాం. 54,000 అడుగుల నెగెటివ్ అయింది. సౌండ్ నెగెటివ్ వేరే.

ఇంత చేసీ మనకి సినిమా రాలేదు. థియేటర్లకి ప్రింట్లు వెళ్లాలి. నలభై ప్రింట్లు వేస్తే 5,40,000 అడుగుల పాజిటివ్. నేల మీద పరిస్తే సుమారు 165 కిలోమీటర్లు! హైదరాబాదులో మొదలుపెడితే విజయవాడ దారిలో సగం దాటిపోతుంది. అసలు ఖర్చు కెమెరాలో కాదు, ప్రింట్లలో ఉందన్న సంగతి గుర్తుపెట్టుకోండి. దీనితో తర్వాత పనుంది.

ఈ ఫిల్ము దేంతో తయారవుతుంది? అడుగున ఉండే పారదర్శకమైన పట్టీకి మూలం పత్తి పీచో, కలప గుజ్జో. దాని మీద పూసే జిలటిన్ పశువుల ఎముకల నుంచి, చర్మాల నుంచి వస్తుంది. ఆ జిలటిన్‌లో కలిసి వెలుతురుని పట్టుకునేది వెండి. అవును, అచ్చమైన వెండి లవణాలే! 1920లలో కొడాక్ కంపెనీలో శామ్యూల్ షెపర్డ్ అనే శాస్త్రజ్ఞుడు ఒక గమ్మత్తు కనిపెట్టాడు. ఒక జిలటిన్‌తో చేసిన ఫిల్ము చురుగ్గా పనిచేస్తుంది, ఇంకోదానితో చేసింది మందకొడిగా ఉంటుంది. కారణం వెతికితే, అందులో అతి కొద్ది మోతాదులో ఉన్న గంధకపు పదార్థాలని తేలింది. ఆవజాతి మొక్కలు మేసిన పశువుల నుంచి అవి జిలటిన్‌లోకి వస్తాయట. ఆవు, ఆవాలు, ఆ పైన సినిమా! ముడిసరుకుకి మళ్లీ ముడిసరుకు, దానికి ఇంకో ముడిసరుకు. గొలుసులో ఒక్క కొక్కెం ఊడితే చాలు, తెర మీద చీకటే.

యుద్ధం నేర్పిన రేషను

మన దేశంలో ఈ విలన్ ఎంట్రీ రెండో ప్రపంచ యుద్ధంలో జరిగింది. అప్పుడు ఫిల్మంతా ఓడల మీద రావాల్సిందే. ఓడలు యుద్ధానికి పోయాయి. 1942లో ప్రభుత్వం కథాచిత్రాల నిడివి 11,000 అడుగులకు మించకూడదంది. మన లెక్క ప్రకారం అది రెండు గంటల పైన రెండు నిమిషాలు. మూడేసి గంటలు పద్యాలు పాడుకునే మన పౌరాణికాలకి అది ఎంత ఇరుకు చొక్కానో ఊహించుకోండి! 1943లో ఫిల్ము పంపిణీకి కూడా లైసెన్సు వచ్చింది. యుద్ధం అయ్యాక ఆ కంట్రోలు పోయింది. కాని "ఫిల్ము అంటే సర్కారువారు కొలిచి ఇచ్చే సరుకు" అనే అలవాటు మాత్రం మిగిలిపోయింది.

స్వాతంత్ర్యం వచ్చింది, ప్రణాళికలు వచ్చాయి. 1956లో మొదలైన రెండో పంచవర్ష ప్రణాళిక భిలాయ్, రూర్కెలా, దుర్గాపూర్ ఉక్కు ఫ్యాక్టరీల ప్రణాళిక. యంత్రాలన్నీ విదేశాల నుంచి తేవాలి. ఏడాది తిరిగేసరికి, 1957లో, విదేశీ మారకం నిల్వలు కరిగిపోవడం మొదలైంది. ఇక ఢిల్లీలో కూర్చున్న ఆఫీసరు స్థానంలో మీరున్నారనుకోండి. చేతిలో వంద డాలర్లున్నాయి. ఉక్కు యంత్రానికిస్తారా, హీరోయిన్ డాన్సుకిస్తారా? నన్నడిగితే ఆ ఆఫీసరుని తప్పు పట్టను. దిగుమతుల మీద కత్తెర పడింది. ఆ కత్తెర కింద సినిమా ఫిల్ము కూడా ఉంది.

ఒక్క సినిమానే కాదు, సినిమా గురించి రాసుకునే పత్రికలకీ ఇదే గతి! 1962 నాటి న్యూస్‌ప్రింట్ ఉత్తర్వుతో కాగితానికి కోటా. పత్రికకి పది పేజీలకు మించకూడదన్న నిబంధన మీద సుప్రీం కోర్టు దాకా వెళ్లి 1972లో కొట్టేయించుకోవాల్సి వచ్చింది. కొత్త థియేటరు కట్టాలంటే సిమెంటు పర్మిట్టు. ఆ పట్టు 1982లో కొంత సడలి, 1989కి పూర్తిగా పోయింది. అభిమాన తార కలర్ బ్లోఅప్ దగ్గర్నుంచి ఆ తారని చూసే హాలు గోడ దాకా అన్నీ కోటాలే!

ఊటీలో చంద్రుడు

"కొనలేకపోతే మనమే చేసుకుందాం" అనుకుంది ప్రభుత్వం. మంచి ఆలోచనే. 1960లో హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థ పుట్టింది. దుమ్మూ ధూళీ తక్కువ, చల్లటి వాతావరణం అని ఊటీని ఎంచుకున్నారు. ఒక ఫ్రెంచి కంపెనీ సాంకేతిక సహాయం చేసింది. 1967లో ఉత్పత్తి మొదలైంది. బ్రాండు పేరు "ఇందు". అంటే చంద్రుడు. నలుపు తెలుపు ఫిల్ముకి అంతకన్నా అందమైన పేరు ఎవరు పెట్టగలరు!

కాని చూడండి విధి విలాసం... పునాదిరాయి పడినప్పుడు దేశమంతా నలుపు తెలుపు సినిమాలే. ఫ్యాక్టరీ గేటులోంచి డబ్బాలు బయటికొచ్చేసరికి జనం రంగుల కోసం తహతహలాడుతున్నారు. 1963లోనే "లవకుశ" పూర్తి రంగుల్లో వచ్చి మనవాళ్ల కళ్లు చెదరగొట్టింది. ప్లానులో అంకె ఒకసారి పడిందంటే అది అయిదేళ్లు కదలదు. ప్రేక్షకుడి మనసు శుక్రవారం శుక్రవారానికీ కదులుతుంది! ఇక రంగు ఫిల్ము సంగతి: విదేశాల నుంచి జంబో రోళ్లు తెప్పించి, ఊటీలో కోసి, అంచులకి చిల్లులు వేసి డబ్బాలకెత్తడమే చాలాకాలం నడిచింది. అంటే దిగుమతి ఆగలేదు, రూపం మారిందంతే.

ఫిల్ము దిగుమతి బాధ్యత 1973లో ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ చేతికి వచ్చింది. 1980లో ఆ సంస్థే ఎన్.ఎఫ్.డి.సి.గా మారింది. డాలర్లు లేనప్పుడు ఆదుకున్నది తూర్పు జర్మనీ "ఆర్వో" ఫిల్ము. వాళ్లకి మనం రూపాయల్లో చెల్లిస్తే సరిపోయేది. కొడాక్ ఈస్ట్‌మన్ కలర్ కావాలంటే డాలర్లు. దాంతో కెమెరామన్‌కి ఏది నచ్చిందనేది కాదు, ఏది దొరికిందనేది తెర మీద రంగుల్ని నిర్ణయించేది. పోస్టరు మీద "కొన్ని దృశ్యాలు రంగుల్లో" అని వేసుకున్న రోజులున్నాయి. కథలో ఏ పాట రంగులకి నోచుకోవాలి, ఏది నలుపు తెలుపులో ఉండిపోవాలి అనేది ఖర్చూ, దొరికే ఫిల్మూ కలిసి తేల్చేవి.

కరువు పిల్లల్ని పెడుతుంది!

ఇప్పుడు అసలు సంగతికొస్తున్నాను. హంగరీ దేశంలో యానోష్ కోర్నయ్ అనే ఆర్థికవేత్త ఉండేవాడు. కమ్యూనిస్టు ప్రణాళికల మధ్యే బతుకుతూ, 1980లో కొరత గురించే ఒక పెద్ద గ్రంథం రాశాడు. ఆయన చెప్పిందాన్ని మన భాషలో చెప్పాలంటే: ఇలాంటి వ్యవస్థలో కొరత అనేది ఎప్పుడో వచ్చిపోయే జ్వరం కాదు. అది తన్ను తానే పెంచుకుంటుంది.

ఎలాగంటారా? మీకు పది డబ్బాల ఫిల్ము కావాలి. పది అడిగితే ఆరే ఇస్తారని మీకు తెలుసు. కాబట్టి పదిహేను అడుగుతారు. పక్క నిర్మాత ఇరవై అడుగుతాడు. పంచే ఆఫీసరుకి మీరిద్దరూ పెంచి రాశారని తెలుసు, కాబట్టి కళ్లు మూసుకుని సగానికి కోస్తాడు. దానితో నిజం చెప్పినవాడు మునుగుతాడు! వచ్చే ఏడు వాడూ పెంచి రాస్తాడు. తీరా డబ్బాలు చేతికొస్తే, అవసరం ఉన్నా లేకపోయినా ఎవరూ తిరిగివ్వరు. మళ్లీ ఎప్పుడు దొరుకుతాయో! ఒకడి బీరువాలో ఫిల్ము మురిగిపోతుంటే ఇంకొకడి షూటింగు ఆగిపోతుంది. దేశంలో ఉన్న ఫిల్ము అంతే. కాని అందరికీ అందాల్సింది ఎవరికీ అందదు. పెళ్లి పందిట్లో లడ్డూ అయిపోతుందని పుకారు పుడితే ఏమవుతుంది? తినేవాడూ తిననివాడూ తలా రెండు తీసి ఆకులో పెట్టుకుంటారు. పుకారు నిజమైపోతుంది!

నాకు అన్నింటికన్నా బాధ కలిగించేది కొత్తవాళ్ల సంగతి. ఆ రోజుల్లో దిగుమతి లైసెన్సుల్లో "ఎస్టాబ్లిష్డ్ ఇంపోర్టర్" అని ఒక తరగతి ఉండేది. గతంలో ఎంత తెచ్చావో చూపిస్తే దాన్నిబట్టి ఇప్పుడు వాటా. కొరత కాలంలో పంపకం ఎప్పుడూ ఇలాగే వెనక్కి చూస్తుంది. నిన్న ఉన్నవాడికే ఇవాళ! మరి మొదటి సినిమా తీద్దామని ఊరి నుంచి రైలెక్కి మద్రాసు సెంట్రల్లో దిగినవాడికి నిన్న ఎక్కడిది? కోటా లేకపోతే చాటుమాటు ధర ఇచ్చుకోవాలి. ఆ ధర ఇచ్చుకోలేకనే ఎన్ని కథలు కాగితం మీదే చచ్చిపోయాయో ఏ ప్లానింగు కమిషను దగ్గరా లెక్క లేదు.

మాస్కోలోనూ ఇదే సీను

మనది సగం ప్లాను, సగం మార్కెట్టు. పూర్తి ప్లాను నడిచిన సోవియట్ రష్యాలో ఎలా ఉండేది? సినిమావాళ్ల కథ అక్కడ ఇంకా రసవత్తరం.

1919లో లెనిన్ సినిమా పరిశ్రమని జాతీయం చేశాడు. అంతర్యుద్ధం, ఆంక్షలు, ఉన్న ఫిల్మేమో పాత యజమానులు దాచేశారు. మాస్కో సినిమా స్కూల్లో లెవ్ కులెషోవ్ అనే యువకుడు ఏం చేశాడో తెలుసా? ఫిల్ము లేకుండానే సినిమాలు తీయించాడు! విద్యార్థులు షాటు షాటుగా నటించడం, కెమెరా తిరిగినట్టే అనుకోవడం. ఐసెన్‌స్టీన్ "ఐవాన్ ది టెరిబుల్" రెండో భాగంలో విందు దృశ్యం హఠాత్తుగా రంగుల్లోకి మారుతుంది. ఆ రంగు ఫిల్ము యుద్ధంలో జర్మన్ల దగ్గర చేజిక్కిన అగ్ఫా ఫిల్ము! యుద్ధం ముగిశాక రష్యన్లు జర్మనీలోని వోల్ఫెన్ ఫ్యాక్టరీ యంత్రాలు కొన్ని విప్పుకెళ్లారు కూడా. మన ఆర్వో ఆ వోల్ఫెన్ ఫ్యాక్టరీదే సుమా!

తర్వాత రష్యన్లు సొంత ఫిల్ము పుష్కలంగా చేశారు. కాని దర్శకులందరి కన్నూ కొడాక్ మీదే. దానికి డాలర్లు కావాలి కాబట్టి కొందరికే దక్కేది. తార్కోవ్‌స్కీకి "స్టాకర్" కోసం ఆ అదృష్టం పట్టింది. 1977లో తీసిన భాగం ల్యాబులో డెవలప్ చేయడంలో చెడిపోయింది! తప్పెవరిదన్న దానిమీద వాదాలున్నాయి గాని, అలవాటు లేని కొత్త రకం కొడాక్ ఫిల్ము ఆ ల్యాబుకి అంతుపట్టలేదన్నది ఎక్కువగా వినబడే మాట. కెమెరామన్ మారాడు, సినిమా చాలావరకు మళ్లీ తీశారు. 1979లో విడుదలైంది. పేరుకి ఫిల్ము దొరికింది. దానితోపాటు దొరకాల్సిన రసాయనాలు, అనుభవం, నమ్మకం దొరకలేదు. కొరత అంటే సరుకు లేకపోవడం ఒక్కటే కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

మామూలు ఫ్యాక్టరీల్లో సంగతి? ముడిసరుకు నెలాఖరుకి గాని చేరదు. నెల మొదట్లో యంత్రాలు నిద్రపోతాయి. చివరి పది రోజులూ రాత్రింబవళ్లు దంచుడు, టార్గెట్టు పూర్తయిందనిపించడం. సరుకు ఎలాగైనా రాబట్టడానికి ప్రతి ఫ్యాక్టరీ "తొల్కాచ్" అనే మనిషిని పెట్టుకునేది. ఆ మాటకి అర్థం నెట్టేవాడు అని. తెలిసినవాళ్లని పట్టుకుని, బహుమతులిచ్చి, ఒకచోటి ఇనుముకి ఇంకోచోటి రబ్బరు మార్చి పని నెగ్గించుకొచ్చే మహానుభావుడు. ప్లానులో ఆ ఉద్యోగమే లేదు. కాని అతను లేకపోతే ప్లానే నడవదు! మన ప్రొడక్షన్ మేనేజర్లకి ఈ పాత్ర కొత్తేమీ కాదనుకుంటాను.

మనకేం పోయింది?

"నిర్మాత తిప్పలు నిర్మాతవి, ప్రేక్షకులకేం?" అంటారా? ఇందాక ప్రింట్ల లెక్క గుర్తుపెట్టుకోమన్నాను. పాజిటివ్ ఖరీదై, కరువై ఉన్నప్పుడు మొదట తగ్గేవి ప్రింట్లే. పెద్ద ఊళ్లలో వంద రోజులాడాక గాని చిన్న ఊళ్లకి పెట్టె వచ్చేది కాదు. వచ్చేసరికి తెర నిండా గీతలు, ఎండాకాలం సీనులో కూడా వాన! అతుకులు పడి పాటలో చరణాలు ఎగిరిపోయేవి. ఒకే ప్రింటు రెండు థియేటర్లలో వేసి, రీలు రీలుకీ సైకిలు మీద మనిషిని పరుగెత్తించిన ఊళ్లున్నాయి. ఆ కుర్రాడి సైకిలు పంక్చరైతే విలన్‌కీ హీరోకీ ఇద్దరికీ ఇంటర్వెల్లే!

ఇంకొకటి. ఆడి అలిసిపోయిన ప్రింట్లని కరిగించి వెండి తీసుకునేవారు. మన దేశంలో తీసిన మూకీలు పదమూడు వందల దాకా ఉంటే మిగిలినవి ముప్ఫైకి లోపే. మన తొలి తెలుగు టాకీ, 1932 నాటి "భక్త ప్రహ్లాద" ప్రింటు కూడా ఇవాళ దొరకదు. నైట్రేటు ఫిల్ము మంటలకీ, తేమకీ ఎన్ని పోయాయో, వెండి కోసం ఎన్ని పోయాయో విడదీసి చెప్పలేం. కాని వెండితెర వేల్పులు అక్షరాలా వెండి కింద కరిగిపోయిన మాట నిజం.

కొందరంటారు: "ఆ కరువే మంచిదయ్యా, క్రమశిక్షణ నేర్పింది" అని. కె.వి.రెడ్డిగారు స్టాప్‌వాచి పట్టుకుని రిహార్సల్సు చేయించి, సీను ఎన్ని అడుగులొస్తుందో ముందే తేల్చుకునేవారని చెబుతారు. "మాయాబజార్" (1957) చూస్తే నమ్మబుద్ధేస్తుంది. కాని ఆ గొప్ప కె.వి.రెడ్డిగారిది, కరువుది కాదు! అదే కరువులో ఎందరో తొందరపడి మొదటి టేకునే ఓకే చేసేసి, తేలిపోయిన సినిమాలు ఇచ్చారు. వాటిని మనం మర్చిపోయాం కాబట్టి కరువు మంచిదనిపిస్తుంది.

అలాగని మార్కెట్టుకి వదిలేస్తే కొరతే ఉండదనుకోకండి. 1980 జనవరిలో వెండి ధర ఔన్సు యాభై డాలర్ల దరిదాపులకి ఎగిరినప్పుడు ఫిల్ము తయారుచేసే కంపెనీలన్నీ గిలగిల్లాడాయి. అక్కడ ధరే రేషను ఆఫీసరు! తేడా ఒక్కటే. ధర పెరిగితే కొనేవాడికి నొప్పి తెలుస్తుంది, అమ్మేవాడికి ఆశ పుడుతుంది, ఎవడో ఒకడు ఇంకో దారి వెతుకుతాడు. కోటాలో నొప్పి అడిగినవాడికి, అధికారం పంచేవాడికి. ఇంకో దారి వెతికితే లాభపడేవాడే ఉండడు.

చివరికి కథ ఎలా ముగిసిందంటారా? గోడ కూలాక వోల్ఫెన్ ఫ్యాక్టరీ మూతపడింది, ఇప్పుడక్కడ మ్యూజియం ఉంది. 1996లో ఊటీ ఫ్యాక్టరీని ఖాయిలా పరిశ్రమగా ప్రకటించారు, తర్వాత అది కోలుకోనే లేదు. 2012లో సాక్షాత్తు కొడాక్ దివాలా పిటిషను పెట్టింది. 2013లో ఫ్యూజీ సినిమా ఫిల్ము ఆపేసింది. గమ్మత్తేమిటంటే, 2015లో హాలీవుడ్ స్టూడియోలు కలిసి "ఫలానా అంత ఫిల్ము కొంటాం" అని ముందే మాటిచ్చి కొడాక్ ఫిల్ముని నిలబెట్టాయి. అమెరికాలో కూడా ఒక చిన్న ప్లాను! అయితే ఆ అంకె వేసుకున్నవాళ్లు ఆ ఫిల్ము వాడేవాళ్లే. తేడా అక్కడుంది.

అందుకే ఇవాళ ఏ పల్లెటూరి కుర్రాడో ఫోనుతో షార్ట్ ఫిల్ము తీసి, పన్నెండో టేకు కూడా నచ్చక పదమూడోది తీస్తుంటే నాకు ముచ్చటేస్తుంది. ఆ కుర్రాడి తాతగారి తరంలో అలాంటి వాళ్లు లేకనా? ఉన్నారు. కోటా కాగితం మీద అడుగులకి గడి ఉంది గాని, వాళ్ల కోసం గడి లేదంతే!